రూట్ అధికారం అడిగే చిన్న ప్రోగ్రాములు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి అందిన ఉత్తరాల్లో ఏడింటిని ఒకచోట చేర్చాం. వాళ్లు వాడుతున్న ప్రోగ్రాములు వేరువేరుగా ఉన్నా సందేహం మాత్రం ఇంచుమించు ఒకటే. ఎవరో ఒకరు తీరిక వేళల్లో ఇష్టంగా రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చిన లినక్స్ ప్రోగ్రాము రూట్ అధికారం, అంటే యంత్రం మీద సర్వాధికారం, అడిగితే ఇవ్వవచ్చా అన్నదే ఆ సందేహం. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పెద్దది. మిగిలిన జవాబులు దాని మీదే ఆధారపడ్డాయి కనుక అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టండి.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. నా ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ వేగాన్ని, కీబోర్డు లైట్లను అదుపు చేసే ఒక చిన్న ప్రోగ్రాము దొరికింది. దాన్ని ఒకే వ్యక్తి, ఉద్యోగం చేసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడు రాస్తున్నారు. ఇన్‌స్టాల్ చేయడానికి ఒక స్క్రిప్టును (వరుసగా నడిచే కమాండ్ల ఫైలును) సుడోతో, అంటే రూట్ హక్కు ఇచ్చే కమాండుతో, నడపమంటున్నారు. ఆ తర్వాత ప్రోగ్రాము కంప్యూటరు ఆన్‌లో ఉన్నంతసేపూ రూట్‌గానే నడుస్తుంది. అడిగినవారికి ఆయన ఓపిగ్గా జవాబులిస్తారు, మంచివారిలాగే కనిపిస్తున్నారు. నమ్మవచ్చా?

జవాబు: ఆయన మంచివారే అయివుంటారు. ఇలాంటి ప్రోగ్రాములు రాసేవారిలో అత్యధికులు పైసా ఆశించకుండా పనిచేసేవారే, లినక్స్ ఇంతదూరం రావడానికి కారణం కూడా వాళ్లే. అయితే వ్యక్తిని నమ్మడం ఒక విషయం, ఆయన రాసిన ప్రోగ్రాముకు రూట్ ఇవ్వడం మరొక విషయం. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే మనలో చాలామందిమి పొరబడుతున్నాం.

రూట్ అంటే యూజర్ నంబరు సున్నా. మామూలు యూజరు ఒక ఫైలు తెరవబోతే లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్ ఆ ఫైలు ఎవరిది, ఎవరెవరికి ఏ అనుమతి ఉంది అని చూస్తుంది. అడిగింది రూట్ అయితే ఆ అనుమతులేవీ అడ్డు రావు. రూట్‌గా నడిచే ప్రోగ్రాము ఏ ఫైలునైనా చదవగలదు, చెరపగలదు, ఏ ప్రోగ్రామునైనా ఆపగలదు, కెర్నల్‌లోకి కొత్త మాడ్యూలు ఎక్కించగలదు. మీ ప్రోగ్రాముకు కావలసింది ఫ్యాన్ వేగాన్ని సూచించే రెండు మూడు ఫైళ్లలో అంకెలు రాయడం మాత్రమే. ఆ చిన్న పనికి మొత్తం యంత్రాన్ని రాసిచ్చేస్తున్నాం.

ఇందులో ప్రమాదం మూడు దారుల్లో వస్తుంది. మొదటిది పొరపాటు. 2011లో బంబుల్‌బీ అనే ప్రాజెక్టు విషయంలో జరిగింది గుర్తుచేస్తాను. రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న ల్యాప్‌టాప్‌లలో ఎన్విడియా కార్డును లినక్స్ మీద వాడుకునేందుకు ఔత్సాహికులు తయారుచేసిన ప్రాజెక్టు అది, ఎందరికో అవసరమైన పని. దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో యూఎస్‌ఆర్ ఫోల్డరు లోపల, లిబ్ ఫోల్డరులో ఉన్న ఒక పాత ఫైలును తొలగించే వరుస ఉంది. ఆ వరుసలో 'యూఎస్‌ఆర్' తర్వాత పొరపాటున ఒక ఖాళీ పడింది. ఖాళీ పడితే, కమాండ్లను చదివి నడిపించే షెల్ దృష్టిలో అది ఒక చిరునామా కాదు, రెండు వేరువేరు చిరునామాలు. అందులో మొదటిది యూఎస్‌ఆర్ ఫోల్డరు మొత్తం. స్క్రిప్టు నడుస్తున్నది రూట్‌గా కనుక అడ్డుచెప్పేవారు లేరు, నడిపినవారి కంప్యూటర్లలో ప్రోగ్రాములన్నీ ఉండే ఆ ఫోల్డరు తుడిచిపెట్టుకుపోయింది. ఎవరికీ దురుద్దేశం లేదు. స్పేస్‌బార్ ఒక్కసారి ఎక్కువ నొక్కారు, అంతే. అదే వరుస మామూలు యూజరు హక్కులతో నడిచివుంటే 'అనుమతి లేదు' అన్న సందేశం వచ్చి ఆగిపోయేది.

రెండవది ప్రాజెక్టు చేతులు మారడం. ఒక్కరే నడిపే ప్రాజెక్టుకు అలసట సహజం. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం, అనారోగ్యం, ఏదో ఒక కారణంతో ఆయన తప్పుకుంటారు, 'నేను చూసుకుంటాను' అంటూ మరొకరు ముందుకొస్తారు. ఆ వచ్చినవారెవరో మీకు తెలియదు. 2018 జూలైలో ఆర్చ్ లినక్స్ యూజర్ల ప్యాకేజీల భాండాగారంలో సరిగ్గా ఇదే జరిగింది. పట్టించుకునేవారు లేక అనాథగా పడివున్న పీడీఎఫ్ రీడరు ప్యాకేజీ ఒకదాన్ని ఎవరో కొత్త యూజరు దత్తత తీసుకుని, బయటి నుంచి మరో స్క్రిప్టును దించుకుని నడిపే వరుసను అందులో చేర్చారు. 2025 జూలైలో అదే చోట ప్రసిద్ధ బ్రౌజర్ల పేర్లకు చిన్న తోకలు తగిలించిన మూడు ప్యాకేజీలు కనిపించాయి. అవి ఇన్‌స్టాల్ చేసుకున్నవారి యంత్రాన్ని దూరం నుంచి నడిపించగల దొంగ ప్రోగ్రామును మోసుకొచ్చాయి. రెండు రోజుల్లో తీసేశారు కానీ ఈలోపు దించుకున్నవారి సంగతి వేరు. మీరు ఈరోజు ఇచ్చిన రూట్ అధికారం ఈరోజుతో తీరిపోదు. రేపటి అప్‌డేటుకు, ఏడాది తర్వాతి అప్‌డేటుకు, అప్పుడు ఆ ప్రాజెక్టు ఎవరి చేతిలో ఉంటే వారికి కూడా అది చెల్లుతూనే ఉంటుంది.

మూడవ దారి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ప్రోగ్రాములో దురుద్దేశం లేకపోయినా, తనంతట తాను ఏ తప్పూ చేయకపోయినా, వేరే దొంగ ప్రోగ్రాముకు అది నిచ్చెనగా పనికిరావచ్చు. ఒక ఉదాహరణ చూడండి. మీ ఫ్యాన్ ప్రోగ్రాము రూట్‌గా నడుస్తూ, తన సెట్టింగుల ఫైలును మీ హోమ్ ఫోల్డరులో దాచుకుంటుందనుకుందాం. ఆ ఫోల్డరు మీది కాబట్టి మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా ఆ ఫైలును తీసేసి, దాని స్థానంలో అదే పేరుతో ఒక సింబాలిక్ లింకు, అంటే వేరే ఫైలుకు దారి చూపే గుర్తు, పెట్టగలదు. ఆ లింకు, సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డరులోని ఏదో కీలకమైన ఫైలును చూపిస్తుంది. మరుసటిసారి ఫ్యాన్ ప్రోగ్రాము తన సెట్టింగులు భద్రపరచబోతే అది రాసేది ఆ కీలకమైన ఫైలు మీద. అందరూ రాయగల తాత్కాలిక ఫోల్డరులో ఇలాంటి లింకుల మోసాన్ని అడ్డుకునే ఏర్పాటు 2012లో వచ్చిన 3.6 కెర్నల్ నుంచి ఉంది, చాలా డిస్ట్రోలు (లినక్స్‌లోని వేర్వేరు రూపాలు) దాన్ని ఆన్ చేసే ఇస్తున్నాయి. మీ సొంత హోమ్ ఫోల్డరుకు ఆ రక్షణ వర్తించదు. రూట్‌గా నడిచే ప్రోగ్రాము రాసేవారికి ఇలాంటి ఉచ్చులు పదులకొద్దీ తెలిసివుండాలి. ఫ్యాన్ చిప్పు గురించి లోతుగా తెలిసిన వ్యక్తికి ఇవన్నీ తెలియకపోవడం తప్పేమీ కాదు, ఆయన నైపుణ్యం వేరే దిక్కున ఉంది.

ఇక మీ ప్రోగ్రాము సంగతి. ముందుగా ఇన్‌స్టాల్ స్క్రిప్టును నడపకుండా తెరిచి చదవండి. అది ఏయే ఫైళ్లను ఎక్కడ పెడుతోంది, ఏమేం తొలగిస్తోంది, ఇంటర్నెట్ నుంచి ఇంకేమైనా దించుకుంటోందా అన్నవి చూస్తే చాలావరకు బోధపడుతుంది. తర్వాత బటన్లు, గ్రాఫులు చూపించే భాగం, ఫ్యాన్‌కు అంకెలు పంపే భాగం విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. మొదటిది మామూలు యూజరుగా నడుస్తూ, రెండవది మాత్రమే చిన్న సర్వీసుగా రూట్‌లో ఉంటే రాసినవారు ఈ విషయం ఆలోచించారని అర్థం. యూఎస్‌బీ ద్వారా పనిచేసే కీబోర్డు లైట్లకైతే రూట్ అక్కరలేదు. కంప్యూటరు ముందు కూర్చున్న యూజరుకు ఆ ఒక్క పరికరాన్ని అందుబాటులోకి తెచ్చే యూడెవ్ (పరికరాల అనుమతులు చూసే లినక్స్ భాగం) నియమం ఒకటి రాస్తే సరిపోతుంది.

ఫ్యాన్ విషయంలో ఇంకొక ప్రశ్న కూడా ఆ డెవలపర్‌ను అడగండి. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతే ఫ్యాన్ తిరిగి ఆటోమేటిక్ పద్ధతికి వెళ్తుందా, లేక చివరి వేగం దగ్గరే ఉండిపోతుందా? మదర్‌బోర్డు మీది చిప్పులతో నేరుగా మాట్లాడే ప్రోగ్రాములు హార్డ్‌వేరుకే చేటు చేసిన సందర్భాలు ఉన్నాయి. 2000ల తొలినాళ్లలో సెన్సార్లను వెతికే ఒక మంచి లినక్స్ ఉపకరణం, కొన్ని థింక్‌ప్యాడ్ మోడళ్లలో వెతుకులాట క్రమంలోనే ఒక మెమరీ చిప్పును పాడుచేసింది. ఆ మోడళ్లలో చిప్పు తీరు వేరుగా ఉండటమే అందుకు కారణం.

ప్రశ్న: సోర్స్ కోడ్ అందరికీ కనబడుతున్నప్పుడు, వేలమంది వాడుతున్నప్పుడు, లోపం ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు పట్టుకునేవారు కదా?

జవాబు: కోడ్ కనబడటం చాలా గొప్ప సౌకర్యం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ చదవగలగడం వేరు, ఎవరో ఒకరు నిజంగా చదివివుండటం వేరు. మామూలు యూజరు చేసే పనిని రూట్‌గా చేయించే పీకేఎగ్జెక్ అనే చిన్న ఉపకరణం దాదాపు ప్రతి డిస్ట్రోలోనూ ఉంటుంది. 2009 మేలో వచ్చిన దాని మొదటి రూపంలోనే ఉన్న ఒక లోపాన్ని 2022 జనవరిలో బయటపెట్టారు. పన్నెండేళ్లకు పైగా, ఏ మామూలు యూజరైనా రూట్ కాగల దారి అందరి కళ్లెదుటే తెరిచివుంది. సుడోలోనే 2011 జూలైలో చేరిన మరో లోపం 2021 జనవరిదాకా బయటపడలేదు. ఈ రెండూ ప్రపంచంలో నిపుణులు అత్యంత శ్రద్ధగా చూసే ప్రోగ్రాముల్లో ఉన్నవి. ఒక్కరు రాసి, ఒక్కరే చూసుకునే ప్రోగ్రాములో లోపాలు తక్కువ ఉంటాయని అనుకోవడానికి ఆధారమేమీ లేదు, వెతికినవారు లేకపోవడం వల్ల బయటపడలేదంతే.

పైగా మీరు చూసే కోడ్, మీరు ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు ఒకటే కావాలన్న నియమం లేదు. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఇందుకు సాక్ష్యం. ఫైళ్లను కుదించే ఈ లైబ్రరీని ఏళ్ల తరబడి ఒక్క స్వచ్ఛంద డెవలపరే మోస్తూ వచ్చారు. జియా టాన్ అనే పేరుతో వచ్చిన మరొకరు రెండేళ్లకు పైగా బుద్ధిమంతుడిలా సాయం చేసి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. దాన్ని మేల్కొలిపే వరుస అందరూ చూసే కోడ్‌లో లేదు, విడుదల చేసిన ప్యాకెట్టులోని బిల్డ్ ఫైలులో మాత్రమే ఉంది. కొన్ని డిస్ట్రోలలో ఈ లైబ్రరీ, దూరం నుంచి లాగిన్ కావడానికి వీలిచ్చే, రూట్‌గా నడిచే ఎస్ఎస్‌హెచ్ సర్వరులోకి పరోక్షంగా చేరుతుంది కనుక ఆ దొంగదారి నేరుగా రూట్ దగ్గరికే తీసుకుపోయేది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్, లాగిన్ కావడానికి సుమారు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీయబట్టి అది స్థిరమైన డిస్ట్రోల్లోకి విస్తరించకముందే దొరికింది. ఆ అర సెకనును పట్టించుకునే మనిషి మీ ఫ్యాన్ ప్రోగ్రాముకు కూడా ఉంటారని లెక్క వేసుకోకండి.

ప్రశ్న: స్క్రీను వెలుతురు మార్చడానికి, వీపీఎన్ మొదలుపెట్టడానికి నేను చిన్న స్క్రిప్టులు వాడతాను. ప్రతిసారీ పాస్‌వర్డు అడుగుతోందని, సుడోను ఎవరు దేనికి వాడవచ్చో రాసే సుడోయర్స్ ఫైలులో వాటికి పాస్‌వర్డు అక్కర్లేదని రాసుకున్నాను. ఆ ఒక్కో స్క్రిప్టుకు మాత్రమే ఇచ్చాను, అన్ని కమాండ్లకూ కాదు. ఇది జాగ్రత్తే కదా?

జవాబు: ఆ స్క్రిప్టు ఫైలు ఎక్కడ ఉందో ముందు చూడండి. ఇదే పని నేనూ చేశాను కనుక అడుగుతున్నాను. వెలుతురు మార్చే నాలుగు వరుసల స్క్రిప్టును నా హోమ్ ఫోల్డరులోని బిన్ ఫోల్డరులో పెట్టి, దానికి పాస్‌వర్డు లేకుండా సుడో ఇచ్చి, చాలాకాలం నిశ్చింతగా వాడుకున్నాను. ఒకరోజు అదే స్క్రిప్టులో ఒక అంకె మార్చాలని ఎడిటర్‌లో తెరిచి, మార్చి, సేవ్ చేశాను. సేవ్ అయిపోయింది. పాస్‌వర్డు అడగలేదు. అప్పుడు వెలిగింది: నేను మార్చగలిగానంటే నా పేరుతో నడిచే ప్రతి ప్రోగ్రామూ మార్చగలదు. బ్రౌజరు ద్వారా ఏదైనా దొంగ ప్రోగ్రాము చొరబడితే, ఆ స్క్రిప్టులోని నాలుగు వరుసలు తీసేసి తనకు కావలసినవి రాసి, సుడోతో పిలిస్తే చాలు. నేను ఇచ్చింది వెలుతురు మార్చే అనుమతి అనుకున్నాను. నిజానికి అది పాస్‌వర్డు లేని రూట్.

అటువంటి స్క్రిప్టు, అది ఉన్న ఫోల్డరు, దానిపై ఫోల్డర్లు అన్నీ రూట్ సొత్తుగా ఉండాలి, ఇతరులకు రాసే అనుమతి ఉండకూడదు. యూఎస్‌ఆర్‌లోని లోకల్ ఫోల్డరు ఇందుకు తగిన చోటు. స్క్రిప్టు మళ్లీ మీ హోమ్‌లోని ఏదైనా సెట్టింగుల ఫైలును చదివి అందులోని వరుసలను నడిపిస్తుంటే కథ మొదటికి వచ్చినట్టే. సుడోయర్స్ ఫైలును ఎప్పుడూ విసుడో ద్వారానే తెరవండి, అక్షరదోషం ఉంటే అది అక్కడే హెచ్చరిస్తుంది.

ఇదే కోవలో ఇంకొకటి. ఒక ఫైలును మాత్రమే మార్చుకోనిద్దామని విమ్ ఎడిటరుకు, ఒక లాగ్ చదవనిద్దామని లెస్‌కు సుడో ఇస్తుంటారు. ఆ రెండింటి లోపలి నుంచీ షెల్‌ను పిలవవచ్చు, ఆ షెల్ రూట్‌గానే తెరుచుకుంటుంది. ఫైలు మార్చడానికి సుడోఎడిట్ ఉంది. వెలుతురు విషయానికొస్తే నేను చివరికి స్క్రిప్టుకు సుడో తీసేసి, వెలుతురు అంకె ఉండే ఆ ఒక్క ఫైలుకు వీడియో గ్రూపు రాయగలిగేలా యూడెవ్ నియమం పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ స్క్రిప్టును ఎవరు ఎంత మార్చినా, మహా అయితే నా స్క్రీను చీకటవుతుంది.

ప్రశ్న: కీబోర్డులోని మీటల పని మార్చే ఒక ప్రోగ్రాము వాడుతున్నాను. దాని సూచనల్లో 'సుడోతో నడపండి, లేదా మీ యూజరును ఇన్‌పుట్ గ్రూపులో చేర్చండి' అని ఉంది. రూట్ కంటే గ్రూపే మేలు కదా?

జవాబు: వినడానికి అలాగే ఉంటుంది, కానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఇన్‌పుట్ గ్రూపులో ఉన్న యూజరు కీబోర్డు పరికరాలను నేరుగా చదవగలడు. మిమ్మల్ని ఆ గ్రూపులో చేర్చితే, మీటలు మార్చే ఆ ప్రోగ్రాము ఒక్కటే కాదు, మీ పేరుతో నడిచే ఆటలు, ఎడిటరు ప్లగిన్లు, ఎక్కడి నుంచో దించుకున్న స్క్రిప్టులు, అన్నీ మీరు నొక్కే ప్రతి మీటనూ వినగలవు. సుడో పాస్‌వర్డు, బ్యాంకు పాస్‌వర్డు అందులో భాగమే. ఒక ప్రోగ్రాము తెరలోని మీటలను మరొకటి వినకుండా వేలాండ్ అనే తెర నిర్వహణ వ్యవస్థ కష్టపడి కట్టిన గోడను ఈ ఒక్క కమాండుతో పడగొట్టినట్టవుతుంది. సుడోతో నడిపితే కనీసం వినేది ఆ ప్రోగ్రాము ఒక్కటే, అయితే ఆ ఒక్కదానికి మిగతా అధికారాలన్నీ కూడా దక్కుతాయి.

రెండూ వద్దనే నా సలహా. ఆ ప్రోగ్రాము కోసమే లాగిన్ లేని ఒక సిస్టమ్ యూజరును సృష్టించి, ఇన్‌పుట్ గ్రూపు ఆ యూజరుకు మాత్రమే ఇచ్చి, కొత్త మీటలను పుట్టించే యూఇన్‌పుట్ పరికరానికి అనుమతి చేర్చి, దాన్ని సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపించే లినక్స్ భాగం) సర్వీసుగా నడపండి. ఆ సర్వీసుకు నెట్‌వర్కు పూర్తిగా కట్ చేయడానికి ప్రైవేట్‌నెట్‌వర్క్ అన్న ఒక్క వరుస చాలు. మీటలు వినే ప్రోగ్రాముకు ఇంటర్నెట్‌తో ఏం పని? విన్నది బయటికి పంపే దారి లేకపోతే దాని మీద సగం భయం తీరుతుంది.

గ్రూపుల గురించి మరొక్క మాట. డాకర్ (ప్రోగ్రాములను కంటెయినర్లనే విడి గదుల్లో నడిపే ఉపకరణం) గ్రూపులో ఉన్నవారు హోస్టు యంత్రంలోని ఫైళ్లన్నింటినీ కంటెయినరులో తగిలించుకుని మార్చగలరు, అంటే రూట్‌తో సమానం. ఈ సంగతి డాకర్ వారే తమ సూచనల్లో రాశారు. డిస్క్ గ్రూపు కూడా అంతే. పేరులో రూట్ లేనంత మాత్రాన అధికారం తక్కువని అనుకోవద్దు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ వాడేది నేనొక్కదాన్నే. నా ఫొటోలు, ఉత్తరాలు, పాస్‌వర్డులు అన్నీ నా హోమ్ ఫోల్డరులోనే ఉన్నాయి. రూట్ ఇవ్వకపోయినా ఆ ప్రోగ్రాము వాటిని చదవగలదు. మరి రూట్ గురించి ఇంత రాద్ధాంతం దేనికి?

జవాబు: మీ మాటలో చాలా నిజముంది. 2015 జనవరిలో స్టీమ్ వారి లినక్స్ స్క్రిప్టు, కొన్ని పరిస్థితుల్లో తన ఫోల్డరు పేరు ఖాళీగా వచ్చేసరికి, యూజరు సొంత ఫైళ్లన్నీ, తగిలించి ఉన్న బయటి డిస్కులోని ఫైళ్లతో సహా తుడిచేసింది. దానికి రూట్ అవసరం రాలేదు. అందువల్ల రూట్ ఇవ్వలేదు కదా అని ఏ ప్రోగ్రామునైనా నిర్భయంగా నడపవచ్చని నేను ఎన్నడూ చెప్పను. ముక్కూ మొహం తెలియని ప్రోగ్రామును వేరే యూజరు కింద నడపడం గానీ, ఫ్లాట్‌ప్యాక్ వంటి గిరి గీసిన చోట హోమ్ ఫోల్డరు అందకుండా నడపడం గానీ ఎప్పుడూ మంచిదే.

అయినా రూట్‌తో తేడా ఉంది, అది జరిగాక తెలుస్తుంది. మీ యూజరు హక్కులతో చొరబడిన దొంగ ప్రోగ్రామును మరో యూజరుగా లాగిన్ అయి వెతకవచ్చు, తొలగించవచ్చు, బ్యాకప్ నుంచి ఫైళ్లు తెచ్చుకోవచ్చు. రూట్ దొరికిన ప్రోగ్రాము అయితే లాగ్‌లను దిద్దగలదు, ఫైళ్ల జాబితా చూపించే కమాండునే మార్చగలదు, కెర్నల్ మాడ్యూలు ఎక్కించి తనను తాను కనబడకుండా చేసుకోగలదు. అప్పుడు ఆ యంత్రం తన గురించి తాను చెప్పే ఏ మాటనూ నమ్మలేం. ఇంకా లోతుకు కూడా పోవచ్చు. 2016 మొదట్లో రూట్‌గా ఫైళ్లన్నీ తుడిచే కమాండు నడిపిన ఒకరి ల్యాప్‌టాప్‌లో ఫర్మ్‌వేర్ సెట్టింగులు కూడా చెరిగిపోయి, అది మళ్లీ ఆన్ కాకుండా పోయింది. ఆ సెట్టింగులు కూడా ఫైళ్లలా కనబడే ఏర్పాటు లినక్స్‌లో ఉండటం, ఆ ఫర్మ్‌వేర్ అవి లేకుండా నిలదొక్కుకోలేకపోవడం అందుకు కారణాలు. తర్వాత 4.5 కెర్నల్ నుంచి వాటిలో చాలావాటిని అంత తేలికగా చెరపడానికి వీల్లేకుండా చేశారు.

మరో సంగతి మీకే ప్రత్యేకం. ఒక్క యూజరే ఉన్న ల్యాప్‌టాప్‌లో, మీ పేరుతో నడిచే దొంగ ప్రోగ్రాము మీ షెల్ అయిన బాష్ సెట్టింగుల ఫైలులో ఒక వరుస చేర్చి, అసలు సుడో స్థానంలో దొంగ సుడోను నిలబెట్టగలదు. మీరు మామూలుగానే పాస్‌వర్డు కొడతారు, అది దాని చేతికి పోతుంది. అందుకని వీలైతే సుడో హక్కున్న ఖాతాను వేరుగా ఉంచి, రోజువారీ పనికి, కొత్త ప్రోగ్రాములు పరీక్షించడానికి ఆ హక్కు లేని ఖాతా వాడుకోండి. కొంచెం ఇబ్బందే, కానీ అలవాటవుతుంది.

ప్రశ్న: నేనే అలాంటి ఒక చిన్న ప్రోగ్రాము రాశాను, నాలాంటి కొందరు వాడుతున్నారు. ప్రస్తుతం అది మొత్తం రూట్‌గా నడుస్తుంది. వాడేవారిని ఇబ్బంది పెట్టకుండా, వారికి ముప్పు తేకుండా దాన్ని ఎలా మార్చాలి?

జవాబు: ఈ ఉత్తరం రాసినందుకు మీకు ధన్యవాదాలు. ఈ సమస్య లినక్స్‌కు చిన్ననాటి నుంచీ ఉంది. 1990లలో ఎస్వీజీఏలిబ్ అనే లైబ్రరీతో తయారైన ఆటలు వీడియో కార్డుతో నేరుగా మాట్లాడాలి కనుక వాటిని సెట్‌యూఐడీ రూట్‌గా ఇన్‌స్టాల్ చేసుకునేవారు, అంటే ఎవరు మొదలుపెట్టినా అవి రూట్ హక్కుతోనే మొదలయ్యేవి. ఆట ఆడుకోవడానికి రూట్! వీడియో మోడ్‌ల పనిని కెర్నల్ తన చేతిలోకి తీసుకున్నాక ఆ అవసరం తీరిపోయింది. పింగ్ కమాండు కూడా ఒకప్పుడు సెట్‌యూఐడీ రూట్, ఇప్పుడు చాలా డిస్ట్రోలలో అలా లేదు. కనుక మీ ప్రోగ్రాముకు నిజంగా రూట్ ఏ ఒక్క పనికి కావాలో వేలు పెట్టి చూపించగలగడం మొదటి మెట్టు. కెర్నల్‌లో మీరు పిలిచే ఏ పిలుపు 'అనుమతి లేదు' అంటోందో, ఆ పిలుపులను చూపించే స్ట్రేస్ ఉపకరణంతో చూడండి.

ఆ పని ఒక పరికరం ఫైలును తెరవడమే అయితే యూడెవ్ నియమం చాలు. 1024 కంటే తక్కువ నంబరు పోర్టులో వినడమే అయితే దానికి ప్రత్యేకంగా ఒక కేపబిలిటీ ఉంది. రూట్ అధికారాన్ని ఇలా ముక్కలు చేయడం 1999 నాటి 2.2 కెర్నల్‌తో మొదలై, ఇప్పుడు 41 ముక్కలకు చేరింది. వాటిలో సిస్ అడ్మిన్ అనేదాని జోలికి మాత్రం పోకండి. ఎక్కడా ఇమడని పనులన్నీ దాని కిందికే చేర్చడంతో అది మళ్లీ దాదాపు పూర్తి రూట్ అయి కూర్చుంది. అలాగే మీ ప్రోగ్రాము పైథాన్‌లో ఉంటే పైథాన్ ఇంటర్‌ప్రెటర్ ఫైలుకే కేపబిలిటీ తగిలించవద్దు, ఆ యంత్రంలోని ప్రతి పైథాన్ స్క్రిప్టుకూ అది దక్కుతుంది.

ఇవేవీ కుదరక రూట్ తప్పదంటే, రూట్ అవసరమైన పనిని వంద, రెండు వందల వరుసల సహాయక ప్రోగ్రాముగా విడదీయండి. అది ఫైలు పేర్లను, కమాండ్లను బయటి నుంచి తీసుకోకూడదు. 'ఫ్యాన్ నంబరు ఇంత, వేగం ఇంత' వంటి అంకెలు మాత్రమే తీసుకుని, హద్దుల్లో ఉన్నాయో లేదో చూసుకుని, మిగతావన్నీ తిరస్కరించాలి. వాడేవారి హోమ్ ఫోల్డరులో అది ఏమీ రాయకూడదు, చదవకూడదు. దాని సర్వీసు ఫైలులో నోన్యూప్రివిలేజెస్, ప్రొటెక్ట్‌హోమ్, ప్రొటెక్ట్‌సిస్టమ్, కేపబిలిటీల హద్దు, నెట్‌వర్కు నిషేధం పెట్టి, సిస్టమ్‌డీ అనలైజ్ కమాండుతో భద్రత అంచనా వేయించండి. అది 0 నుంచి 10 వరకు మార్కు ఇస్తుంది, ఇక్కడ ఎంత తక్కువ వస్తే అంత మంచిది. ఆ అంకెకు మరీ విలువ ఇవ్వకండి కానీ, మరిచిపోయిన తలుపులను అది బాగా గుర్తుచేస్తుంది.

ఇన్‌స్టాల్ సూచనల్లో ఇంటర్నెట్ నుంచి స్క్రిప్టును దించి నేరుగా సుడో షెల్‌లోకి పంపే వరుసను తీసేయండి. కంపైల్ చేయడానికి రూట్ అవసరం లేదని, చివరి ఇన్‌స్టాల్ మెట్టుకు మాత్రమే కావాలని, హోమ్ ఫోల్డరులోనే ఇన్‌స్టాల్ చేసుకునే వీలుంటే అది ఎలాగో స్పష్టంగా రాయండి. ఏ పనికి రూట్ అడుగుతున్నారో ఒక్క పేరాలో చెప్పండి. అది చదివి, ఇవ్వాలో వద్దో వాడేవారు నిర్ణయించుకుంటారు. ఏదో ఒకరోజు ప్రాజెక్టు వదిలేయవలసివస్తే, అపరిచితులకు తాళాలు అప్పగించకుండా 'ఇక చూడటం లేదు' అని రాసి మూసేయడం కూడా వాడేవారికి మేలు చేయడమే.

ప్రశ్న: డెబ్ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేసి ఒక ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చేశాను, సుడో అని ఎక్కడా టైప్ చేయలేదు. అంటే రూట్ ఇవ్వనట్టేనా? ఇప్పుడు అనుమానం వస్తోంది, ఏం చేయాలి?

జవాబు: ఇచ్చినట్టే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాస్‌వర్డు అడిగి ఉంటుంది. డెబ్ ప్యాకేజీలో ఇన్‌స్టాలుకు ముందు, తర్వాత నడిచే స్క్రిప్టులు ఉంటాయి, అవి రూట్‌గానే నడుస్తాయి. అది తన రిపాజిటరీ (అప్‌డేట్లు వచ్చే చోటు) చిరునామాను మీ జాబితాలో చేర్చివుంటే ప్రతి అప్‌డేటుకూ మళ్లీ అదే జరుగుతుంది.

ఊరికే శంకే అయితే ప్యాకేజీని తొలగించి, ఆప్ట్ జాబితాల్లో కొత్త రిపాజిటరీ, సుడోయర్స్ డీ ఫోల్డరులో కొత్త ఫైలు, సిస్టమ్‌డీలో తెలియని సర్వీసులు లేదా టైమర్లు, సెట్‌యూఐడీ గుర్తున్న కొత్త ఫైళ్లు, ఎస్ఎస్‌హెచ్ అనుమతి తాళాల జాబితాలో మీవి కాని వరుసలు ఉన్నాయేమో చూడండి. అదే ప్యాకేజీలో దొంగ కోడ్ ఉందని ఖాయంగా తెలిస్తే ఈ వెతుకులాట మీద ఆధారపడవద్దు. నెట్‌వర్కు తీసేయండి. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, మీ పత్రాలు, ఫొటోలు మాత్రమే బయటికి కాపీ చేసుకోండి. డిస్కు తుడిచి డిస్ట్రోను కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. పాస్‌వర్డులను, ఎస్ఎస్‌హెచ్ తాళాలను వేరే యంత్రం నుంచి మార్చండి. పాత హోమ్ ఫోల్డరులోని చుక్కతో మొదలయ్యే సెట్టింగుల ఫైళ్లను కొత్తదానిలోకి తెచ్చుకోకండి.